కోపంతో కలిపి తూకం

నది ఒడ్డున అహ్లోన్ పేటలోని పాత బియ్యం మిల్లులో పారాగ్లైడర్లు కుడతారు. తోడికోడళ్ళిద్దరూ పనికి రోజూ వేరువేరు బస్సుల్లో వచ్చేవారు, ఇల్లు ఒకటే అయినా. పెద్దామె భాగ్యవతి కొలిచి కత్తిరిస్తుంది. చిన్నామె ఆశ వాటికి వేలాడి ఎగిరి చూస్తుంది. మాటల్లేవు. కత్తెర అడగాలన్నా ఆశ మొగుడు బాబ్జీయే రాయబారం.

ఆ ఇంట కోపమొస్తే బరువెక్కుతారు. అత్తగారు అలిగిన రోజున మంచం కింద ఇటుకలు పెడతారు. ఆశ అసలు బరువు యాభై అయిదు కిలోలు. తోడికోడలి మీద కోపంతో కలిపి డెబ్భై ఎనిమిది. ఏళ్ళుగా అంతే కాబట్టి అదే ఖాయం.

కొత్త గ్లైడర్ ఒక్కరే ఎగిరేది, మధ్యరకం: కొత్తవాళ్ళు హడలిపోరు, ఆరితేరినవాళ్ళు ఆవలించరు. సైజు తేల్చేది పొడుగు కాదు, బరువు. పెద్దదానికి తేలికమనిషి వేలాడితే గాలి ఎటు తోస్తే అటే. భాగ్యవతి ఆశని కోపంతో కలిపి తూచి, పెద్ద సైజే కత్తిరించింది.

ఎగరేసే ముందురోజే బాబ్జీకి మంచిబుద్ధి పుట్టాలా? ఇద్దరినీ మొహింగా చేపల పులుసు బండి దగ్గర కూర్చోబెట్టి, బతిమాలి, కలిపేశాడు. ఇద్దరూ హాయిగా ఏడ్చారు. మళ్ళీ తూచాలని ఎవరికీ తోచలేదు.

మర్నాడు నది అవతలి పొలాల్లో మోటారు తాడుతో లాగగానే ఆశ దూదిపింజలా లేచింది. తాడు వదిలాక మొహం పొలం వైపే ఉంది గానీ, గ్లైడర్ వెనక్కి వెనక్కి నది మీదికి పోతోంది.

వాకీటాకీలో ఆశ పిలిచింది. "అక్కా, ముందుకెళ్ళట్నేదు. ఏటి సెయ్యమంటావు?"

భాగ్యవతికి తప్పు తెలిసొచ్చింది. కోపం తెప్పించాలని ఆశ వంటని తిట్టింది, నడకని తిట్టింది. నిన్ననే కలిసిన ప్రేమ కదా, ఆశ భయంలోనూ నవ్వేసింది. ఒక్క కిలో పెరగలేదు.

భాగ్యవతి కళ్ళు మూసుకుంది. "మీ నాన్న పోయినప్పుడు నువ్వేడిసింది దొంగేడుపేనని తామ్వే పేటంతా సెప్పింది నేనే."

"ఏటన్నావు?"

"ఇనబడింది కదా."

పైన దారాలు బిగిశాయి. గ్లైడర్ గాలిని కోసుకుంటూ ముందుకొచ్చి, గట్టు దాటి పొలంలో వాలింది. ఆశ మోకాళ్ళ దాకా మట్టిలో దిగబడింది. లాగడానికి నలుగురు కావలసి వచ్చింది.

అది నిన్ను దింపడానికి ఆడిన అబద్ధమని బాబ్జీ ఎంత చెప్పినా ఆశ నమ్మలేదు.

ఆ సాయంత్రమే భాగ్యవతి కొత్త బట్ట పరిచి, యాభై అయిదు కిలోల మనిషికి సరిపడా చిన్న సైజు గీయడం మొదలుపెట్టింది. ఆశ గుమ్మంలోంచి చూసింది. తన బదులు ఎవరో తేలికదాన్ని తెస్తోందనుకుని, ఇంకో రెండు కిలోలు బరువెక్కింది.