మూడు కాళ్ల కుర్చీ, ఒక ముద్దాయి

స్నానం చేసి జుట్టు తుడుచుకుంటూ ఆమె, సెలవులకు అద్దెకు తీసుకున్న కాటేజీ హాల్లోకి వచ్చేసరికి, రెండు వందల ఏళ్ల నాటి కుర్చీకి మూడు కాళ్లే ఉన్నాయి.

అరగంట కిందట నాలుగున్నాయి. కుక్కను తిప్పుకొచ్చి, ఆ కుర్చీ మీదే కూర్చుని బూట్లు విప్పుకుంది. ఇప్పుడది తాగొచ్చిన చుట్టంలా గోడకు ఒరిగి నిలబడింది. నాలుగో కాలు చుట్టుపక్కల ఎక్కడా లేదు.

"చూశావా, నీ ముద్దుల కొడుకు ఘనకార్యం!" అన్నాడు భర్త, ఫోన్లోంచి తలెత్తకుండానే.

ముద్దుల కొడుకంటే కుక్క. దొప్పల్లాంటి చెవులు కాబట్టి దాన్ని ఇంట్లో అందరూ దొప్ప అంటారు. గోడలో కట్టిన చలిపొయ్యి ముందు అది వెల్లకిలా పడుకుని, నాలుగు కాళ్లూ గాల్లో పెట్టి గుర్రు కొడుతోంది. తప్పు చేసినవాడు ఇంత హాయిగా నిద్రపోగలడా అని ఆమెకు అనుమానం వచ్చింది. పోగలడని పదహారేళ్ల కాపురం వెంటనే గుర్తుచేసింది.

"కొరికేసింది. నా కళ్లారా చూశాను," అంది సోఫాలోంచి అత్తగారు.

"మరి కాలేదీ, అత్తయ్యా?"

"మింగేసింది."

"మూరెడు చెక్కనా?"

"ఆకలి మీదుందేమో. నువ్వు వేళకి పెట్టావో లేదో!"

ఆమెకు నవ్వొచ్చింది గానీ, భర్త పెట్టిన షరతు గుర్తొచ్చి ఆగిపోయింది. పెంపుడు జంతువుల్ని తెచ్చుకోవచ్చని కాటేజీ వాళ్లు ఒప్పుకున్నంత తేలిగ్గా భర్త ఒప్పుకోలేదు. వారం రోజులు బతిమాలితే ఒక షరతు పెట్టాడు. "ఒక్క తప్పు చేసిందా, తిరిగొచ్చేటప్పుడు నా ఫ్రెండు తోటలో దింపేస్తా. వాడికి కాపలాకి కుక్క కావాలట." ఆ తోట ఆమె చూసింది. అక్కడ గొలుసు పొడవు రెండు గజాలు.

"వాడికి ఫోన్ చేసేశా. రేపు దింపేయమన్నాడు," అన్నాడు భర్త.

ఆఫీసు నుంచి వచ్చి తలుపు తీయగానే "కాఫీ" అనో "నా చొక్కా ఏదీ" అనో అడక్కుండా, ఆమె వచ్చినందుకు ఊరికే సంతోషపడే ప్రాణి ఆ ఇంట్లో అదొక్కటే. దాని కోసమే ఈ నాలుగు రోజుల సెలవు. లేకపోతే విహారయాత్ర అంటే ఆమెకు వంటిల్లు మారడమే కదా. ఈ వంటింట్లో రాళ్లు పాతవి, గిన్నెలు బరువు, కుళాయి తిప్పాలంటే భుజబలం కావాలి. మిగతాదంతా ఇంట్లో ఉన్నట్టే. తలుపు వెనక జంతువుల కోసం నియమాలు అంటించారు. తినేటప్పుడు పిలవకండి. నిద్రపోతుంటే లేపకండి. రోజుకు రెండుసార్లు బయట తిప్పండి. అరిచి పని చెప్పకండి. వచ్చిన రోజే ఆమె వాటిని మూడుసార్లు చదివి, కింద చిన్న అక్షరాల్లో 'మనుషులకు కూడా వర్తిస్తాయి' అని ఉందేమోనని వెతికింది. లేదు.

సరే, ఏడ్చి లాభం లేదు. ఇలాంటివి చూడటమే ఆమె ఉద్యోగం. బీమా ఆఫీసులో, కాలిపోయిన దుకాణాలకూ గుద్దుకున్న కార్లకూ వెళ్లి ఎవరు నిజం చెబుతున్నారో తేల్చి రిపోర్టు రాస్తుంది. కింద సంతకం మాత్రం మేనేజరుది. "మీరు బాగా చూస్తారమ్మా, నేను బాగా మాట్లాడతాను," అంటాడాయన. ఇవాళ చూడటం, మాట్లాడటం రెండూ తనే చేయాలి.

మోకాళ్ల మీద కూర్చుని కుర్చీని తిప్పి చూసింది. పంటి గాట్లు లేవు. చెక్క అతుకు దగ్గర పెళుక్కున విరిగింది, పై నుంచి బరువు పడితే విరిగినట్టు. మిగిలిన మూడు కాళ్ల అడుగునా ఇత్తడి తొడుగులున్నాయి.

ఇంకో సంగతి. పొయ్యి వెలిగించి ఉంది. ఆమె వెలిగించలేదు. అత్తగారు వంగలేదు. భర్త అగ్గిపుల్ల గీయడం ఆమె చివరిసారి చూసింది హోమగుండం దగ్గరో, పుట్టినరోజు కేకు దగ్గరో.

"పొయ్యి మీరే వెలిగించారా?"

"ఏం, వెలిగించకూడదా? సాయం చేసినా తప్పేనా?"

టిఫిన్లయ్యాయి. గిన్నెలు కడిగింది. పదింటికి కాటేజీ యజమానురాలు ఇల్లు చూడటానికి వస్తుంది కాబట్టి, ఆరిన పొయ్యి కూడా శుభ్రం చేయబోయింది. రేకు చేటతో బూడిద ఎత్తుతుంటే టంగుమంది. వేలితో కదిపింది. నల్లబడ్డ ఇత్తడి తొడుగు, ఇంకా వెచ్చగానే ఉంది.

తుడిచి చేతిలో దాచుకుంది.

యజమానురాలు డెబ్బై ఏళ్ల మనిషి. చంకలో లావుపాటి పుస్తకంతో వచ్చింది. కుర్చీని చూసి కోప్పడలేదు, పుస్తకం బల్ల మీద తెరిచింది. "మా ముత్తవ్వ పెట్టిన పద్ధతి. ఈ ఇంట్లో ఏది విరిగినా, విరిచినవాళ్లు ఎలా విరిచారో సొంత చేత్తో ఇందులో రాయాలి. వస్తువు నేను అతికించుకుంటాను. దాని కథ నాకు తెలియాలి, అంతే."

"కుక్కండీ. మా ఆవిడ రాసేస్తుంది," అన్నాడు భర్త.

అతని సెలవు చీటీలు, కారు అడ్డం పెట్టినందుకు పక్కింటివాళ్లకు సారీ, పెళ్లికి వెళ్లనందుకు ఆడపడుచుకు సంజాయిషీ, అన్నీ ఆమే రాసింది. పదహారేళ్లుగా అతని క్షమాపణలన్నీ ఆమె చేతిరాతలోనే ఉన్నాయి. అలవాటుగా ఆమె చెయ్యి కలం మీదికి వెళ్లింది కూడా.

"అన్నట్టు, పై అరలో మీ కుక్క కోసం బిస్కెట్ల డబ్బా పెట్టాను. ఇష్టంగా తిన్నాడా?" అంది యజమానురాలు.

"అవి కుక్కవా!" సోఫాలోంచి అత్తగారు కేక పెట్టింది. "ఉప్పు తక్కువైందనుకున్నా!"

"అమ్మా, నువ్వూరుకో!"

"ఏవిట్రా ఊరుకునేది? ఎక్కి దింపి మరీ పెట్టావు కదరా!"

దొప్ప బిస్కెట్ అన్న మాట విని తోకాడించింది.

ఆమె కలం తీసుకుంది. ఇత్తడి తొడుగును పుస్తకం పక్కన పెట్టి, కలాన్ని భర్త ముందుకు జరిపింది.

"ఈసారి మీరే రాయండి."

"నాకేం రాయాలో తెలీదే."

"జరిగింది రాయండి. అబద్ధం రాస్తే మధ్యలోనే ఆపి దిద్దిస్తా. ఇంటికెళ్లాక కూడా మీ క్షమాపణలు మీరే రాసుకోవాలి."

ఆమె తొడుగు వైపు చూస్తూ మాట్లాడకుండా కూర్చుంది. ఆఫీసులో పెద్ద పెద్ద వ్యాపారులు ఆ మౌనం ముందు పది నిమిషాలు నిలిచేవారు. భర్త నాలుగు నిమిషాలు నిలిచాడు. తర్వాత ముక్కు మీది చెమట తుడుచుకుని, పరీక్ష రాసే పిల్లాడిలా పేజీకి చెయ్యి అడ్డం పెట్టి రాశాడు. యజమానురాలు కళ్లజోడు పెట్టుకుని పైకి చదివింది:

"ఈ కుర్చీ కాలు కుక్క కొరకలేదు. నేను విరిచాను. పై అరలో డబ్బా కోసం ఎక్కాను. నా బరువు ఎనభై తొమ్మిది కిలోలు, ఇంట్లో డెబ్బై ఎనిమిదని చెప్పాను. అమ్మ నాలుగు బిస్కెట్లు తింది, నేను తొమ్మిది. బాగానే ఉన్నాయి. విరిగిన కాలు పొయ్యిలో పెట్టి నేరం కుక్క మీద వేశాను, అది మాట్లాడదు కాబట్టి. నా భార్య మాట్లాడగలదు గానీ ఇన్నాళ్లూ మాట్లాడలేదు, అందుకని భయం వేయలేదు. కుక్కను ఎక్కడా దింపను. చెక్క కాలిపోతే పని అయిపోయిందనుకున్నాను. మంట ఆరాక బూడిద మిగులుతుందనీ, రోజూ దాన్ని ఒక మనిషి ఎత్తుతుందనీ నాకు తట్టలేదు."