వదీదా పాటలో కేక

ఈజిప్టులోని జగాజిగ్ ఊళ్లో రైల్వే స్టేషను వెనకాల హాజీ మితవల్లి కాఫీ హోటల్లో బస్యూనీకి ఒక కుర్చీ ఉంది. అందులో ఇంకెవరూ కూర్చోరు. ఆయన రాగానే టీ వస్తుంది, అడగకుండానే హుక్కా వస్తుంది. ఇంత మర్యాదా ఆయన నలభై ఏళ్లు చొక్కాలు కుట్టినందుకు కాదు, ఒక్క కేక పెట్టినందుకు.

గాయని వదీదా పోయి చాలా ఏళ్లయింది. అయినా మొరాకో నుంచి బాగ్దాద్ దాకా ఆవిడ గొంతు వినపడని వీధి లేదు. ఆవిడ పాటల్లో అందరికీ ప్రాణమైంది కైరో కచేరీలో పాడిన ఎడబాటు పాట. అందులో ఒకచోట ఆవిడ చరణం ముగించి ఊపిరి తీసుకుంటుంది. ఆ సందులో జనంలోంచి ఒక మగగొంతు "చంపేశావు తల్లీ!" అని అరుస్తుంది. ఆవిడ చిన్నగా నవ్వి, అదే చరణాన్ని మళ్లీ ఎత్తుకుని, ఎవరూ కలలో కూడా అనుకోని దారిన తీసుకుపోతుంది. రికార్డులో కేకతో సహా అన్నీ పడ్డాయి. ఇవాళ ఎవరి పెళ్లిలో ఆ పాట పాడినా, అక్కడికి వచ్చేసరికి పాడేవాడు ఆగుతాడు, పందిరంతా ఒక్క గొంతుతో కేక పెడుతుంది.

ఆ గొంతు బస్యూనీది. అందులో అబద్ధం లేదు. ఎందుకు అరిచాడన్నది మాత్రం ఆయన భార్య నెయిమత్‌కే తెలుసు.

అప్పటికి వాళ్లకు కొత్తగా పెళ్లయింది. కచేరీకి వెళ్దామని పోరింది నెయిమతే. బస్యూనీ వెళ్లినట్టే వెళ్లి, రెండో చరణానికే కునుకు తీశాడు. వదీదా ఆ చరణాన్ని పైకెత్తి వదిలేసరికి నెయిమత్ ఒళ్లు తెలియక లేచి నిలబడింది. కాళ్లకు పెళ్లి జోళ్లు, సన్న మడమలవి. కుడి మడమ పోయి పోయి మొగుడి బొటనవేలి మీద దిగింది. ఆయన నిద్రలోంచి ఎగిరిపడి అరిచింది ఆవిడ మీద.

మర్నాటి నుంచి ఊళ్లో ఆయన్ని చేతుల మీద మోశారు. "అంత రసికుడివని తెలీదయ్యా!" అన్నారు. బస్యూనీ కాదనలేదు. నెయిమత్ కూడా సర్లే, మురిసిపోనీ అనుకుంది. అయితే ఆయన రానురానూ ముదిరిపోయాడు. "సంగీతం అందరికీ ఎక్కదే. దానికో చెవి ఉండాలి" అని ఆవిడకే పాఠాలు మొదలెట్టినప్పుడు మాత్రం నెయిమత్‌కి మొలూఖియా కూర ఆయన నెత్తిన కుమ్మరించాలనిపించేది.

ఈ ఏడు వదీదా వర్ధంతికి కైరో నుంచి టీవీ వాళ్లు వస్తున్నారని కబురొచ్చింది. బస్యూనీ పెళ్లినాటి కోటు తీయించాడు. బొత్తాలు పట్టలేదు. నెయిమత్ ఊపిరి బిగబట్టమంది, ఆయన బిగబట్టాడు, బొత్తాం ఊడి మంచం కిందికి పోయింది.

"నువ్వు కూడా రావే. పక్కన నిలబడి నవ్వుదువుగాని" అన్నాడు.

"నాకు ఇంట్లో బామియా కూర ఉడుకుతోంది" అందావిడ. తీరా ఆయన వీధి మలుపు తిరగ్గానే పొయ్యి కట్టేసి వెనకాలే వెళ్లింది.

హోటల్లో కాలు పెట్టే సందు లేదు. టీవీ అమ్మాయి దాలియా ప్రశ్న వేసేలోపే, గుంపులోంచి మీసాలాయన ఒకడు ముందుకొచ్చాడు. దమన్‌హూర్ నుంచి రైలెక్కి వచ్చాట్ట, పేరు రిజ్క్.

"ఆ కేక నాది. ఈయన ఇన్నేళ్లూ నా టీ తాగుతున్నాడు" అన్నాడు.

"ఎవడ్రా నువ్వు?" అని లేచాడు బస్యూనీ.

"మూడో వరస, ఎడమవైపు. ఏడ్చి ఏడ్చి అరిచాను!"

హాజీ మితవల్లి ఇద్దరి మధ్యకీ వచ్చాడు. "పెద్దమనుషులూ, కొట్టుకోకండి. రికార్డు ఉంది, మీరూ ఉన్నారు. చెరోసారి అరవండి, మేమే తేలుస్తాం."

ముందు రిజ్క్ అరిచాడు. పిల్లి తోక తొక్కినట్టుంది. ఆ తర్వాత బస్యూనీ కళ్లు మూసుకుని, చెయ్యి గుండెల మీద పెట్టుకుని, "చంపేశావు తల్లీ" అన్నాడు. మందులషాపులో దగ్గుమందు అడుగుతున్నట్టుంది.

"ఇదా ఆ కేక?" అన్నాడొకడు. ఇంకొకడు కిసుక్కుమన్నాడు. దాలియా కెమెరా అబ్బాయి వైపు చూసింది. బస్యూనీ మొహంలో నెత్తురుచుక్క లేదు. మళ్లీ అరిచాడు. ఇంకా నీరసంగా వచ్చింది.

నెయిమత్ చూడలేకపోయింది. తను ఇంట్లో ఎన్నైనా అనుకోవచ్చు, పై ఊరివాడు వచ్చి తన మొగుణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేస్తుంటే ఊరుకుంటుందా? జనాన్ని తోసుకుంటూ వెళ్లింది. "ఏంటే?" అని ఆయన అనేలోపే కాలెత్తి ఆయన బొటనవేలి మీద ధనామని తొక్కింది.

"చంపేశావు తల్లీ!"

గోడమీది అద్దాలు అదిరాయి. అచ్చం అదే గొంతు, అదే విరుపు. హోటలంతా లేచి చప్పట్లు కొట్టింది. రిజ్క్ కూడా తెలియకుండానే రెండు చరిచాడు.

చప్పట్లు సద్దుమణిగాక దాలియా మెల్లిగా, "అయితే పెద్దమ్మా, ఆ రోజు కూడా..." అంది.

"అవునమ్మా. నిద్రపోతున్నాడు. నేను తొక్కాను."

బస్యూనీ తన కుర్చీ వైపు, ఇక అది తనది కాదన్నట్టు చూశాడు.

"మరి మీరెందుకు లేచారు?" అంది దాలియా.

నెయిమత్‌ని ఆ మాట ఇంతవరకూ ఎవరూ అడగలేదు. "ఎందుకంటే... ఆవిడ అక్కడ దిగాలి. దిగలేదు. దిగుతానన్నట్టు వచ్చి, అక్కడే నిలబడిపోయింది. మేడ మీంచి ఒకళ్లు పిలిస్తే మెట్లమీద ఆగిపోయినట్టు." చెప్పలేక పాడింది. గొంతు బొంగురుగా ఉంది, శ్వాస చాలలేదు, అయినా ఆగాల్సిన చోట ఆగింది.

రిజ్క్ మీసాలు తడిసిపోయాయి. "సరిగ్గా అక్కడే! నేనూ అక్కడే అరిచాను. నా కేక ఎవరికీ వినపడలేదంతే" అన్నాడు.

హాజీ మితవల్లి ఒక కుర్చీ తుడిచి తెచ్చి బస్యూనీ కుర్చీ పక్కన వేశాడు. ఆ హోటల్లో ఆడవాళ్లు కూర్చోవడం ఎవరూ ఎరగరు. నెయిమత్ కూర్చుంది. "టీలో పుదీనా వెయ్యి, చక్కెర తగ్గించు" అంది.

పాట మొదట్నుంచీ పెట్టారు. కేక వచ్చింది, పోయింది. ప్రతిసారీ ఆ క్షణంలో బస్యూనీ తల తిప్పి నలుగురి వంకా చూసుకునేవాడు. ఇవాళ ఎవరి వంకా చూసే ధైర్యం లేక తల దించుకుని విన్నాడు. చరణం మళ్లీ మొదలైంది, పైకి వెళ్లింది, మెట్లమీద ఆగింది. ఆయన నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు.

"కేక తర్వాత ఇంత ఉందా?" అన్నాడు.

"ఇన్నేళ్లూ ఏం విన్నావయ్యా మరి?"

"నన్నే విన్నానే."

నెయిమత్ టీ ఊదుకుంటూ, ఇంకోసారి పెట్టమని హాజీకి సైగ చేసింది. ఆ తర్వాత రిజ్క్‌ని కూడా భోజనానికి రమ్మంది. దారి పొడుగునా ఆయనా బస్యూనీ, చరణంలో ఉన్నది "వెన్నెల" అని ఒకరు, "వెన్నెలలు" అని ఒకరు పోట్లాడుకుంటూనే నడిచారు. ఇద్దరిదీ తప్పే. ఇంటికెళ్లాక చెబుదామని నెయిమత్ ముందు నడిచింది.