ఆ ఫోటో తీసిందెవరు

హాల్లో అందరూ తనూజ తిరిగొచ్చిన ఊళ్ళు చూస్తున్నారు. తనూజ వంటింట్లో ఓళిగలు, అదే బొబ్బట్లు, కాలుస్తోంది. తిరిగింది తనే అయినా తీరిగ్గా కూర్చుని చూసే యోగం తనకి లేదు మరి. జర్మనీ నుంచి సెలవులకు నందికొట్కూరు వచ్చి నాలుగు రోజులైంది. వచ్చిన మర్నాడే అత్తగారు నాగలక్ష్మమ్మ, "నీ చేతి ఓళిగ తిని ఏడాదాయె" అంది. అది ప్రేమో పనో తేల్చుకునేలోపే శనగబేళ్ళు పొయ్యెక్కాయి.

ఇవాళ పెద్దమామ పుల్లయ్య వచ్చాడు. మామగారు పోయాక ఈ ఇంట్లో ఆయన మాటే మాట. తనూజ రెండో ఏడాది చదువుకు తిరిగి పోవాలా వద్దా అన్నది ఆయన భోంచేసి చెప్తాడట. పదకొండో తారీకున విమానం. పాస్‌పోర్టు బీరువాలో ఉంది. ఇల్లు చేరిన రోజే భర్త అవినాష్ "పోగొడతావు, ఇట్లియ్యి" అని తీసుకుని లోపల పెట్టాడు. మూడు దేశాలు తిరిగి పోగొట్టుకోనిదాన్ని నందికొట్కూరులో ఎట్లా పోగొడతానని అడగాల్సింది. అడగలేదు. తాళం అత్తగారి నడుముకి వేలాడుతోంది.

ఆడబిడ్డ సాహితి తనూజ ఫోనును టీవీకి కలిపి ఒక్కో ఫోటో జరుపుతోంది. "ఇది ప్రాగ్ అంట పెద్దనాయనా. ఇది వియన్నా అంట."

"మన గండికోట ముందర ఇవన్నీ యాడికొస్తాయిలే" అన్నాడు పుల్లయ్య. నవ్వులు వినబడ్డాయి. తనూజకూ నవ్వొచ్చింది. మామ మంచి ఉషారు మీదున్నాడు, ఇంక పర్వాలేదనుకుని మరో ఓళిగ తట్టింది.

అంతలో హాలు చప్పున చల్లబడింది.

"ఆపమ్మా. ఇది యాడ?"

"బుడాపెస్ట్."

"ఎవరు తీసిండేది?"

పుల్లయ్య గొంతు తగ్గించాడు. తగ్గిస్తేనే ఆయన మాట ఇల్లంతా వినబడుతుంది. "కింద మోకాళ్ళ మీద కూచోని తీసినట్టుండాది. ఆయమ్మి కోసరం అంత వంగి తీసిండే మనిషి ఎవరని అడుగుతాండా."

"ఎట్ల నవ్వుతాందో చూడు బావా" అంది నాగలక్ష్మమ్మ. "ఐదేండ్లయితాంది ఈ ఇంటికొచ్చి. ఒక్కనాడన్నా అట్ల నవ్వినాదా?"

ఏ ఫోటోనో తనూజకు చూడకుండానే తెలిసింది. నది ఒడ్డు మెట్ల మీద, పొద్దున్నే, బస్సు దిగి ముఖం కూడా కడుక్కోకముందు. ఆ ఊళ్ళో తనకి ఎవరూ తెలియదు, తానెవరికీ తెలియదు. ఏడాదిపాటు రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో "రూమంతా ఒక తూరి చూపించు" అనే అవినాష్ ఆ వేళకి అంగడి పనిలో ఉన్నాడు. "రాగిపిండి యాడ పెట్టిపోతివే?" అని సముద్రాలవతలి నుంచి అడిగే అత్తగారి ఫోనూ రాలేదు. ఆకలేస్తే రొట్టె తిన్నది. మిగిలినవాళ్ళు తిన్నారా లేదా అని ఆలోచించకుండా తిన్నది, అదీ సిగ్గుపడకుండా. పై మెట్టు మీద ఫోను పెట్టబోతే నీడ పడింది. కింది మెట్టుకు దిగి, నీళ్ళ బాటిలుకు ఆనించి, టైమర్ పెట్టి పరిగెత్తింది. మొదటిసారి ఫోను పడిపోయింది. రెండోసారి బాటిలుతో సహా పడింది. మూడోసారి అది పడకుండా నిలబడితే నవ్వొచ్చింది. అంతే. దాచుకోడానికి ఆ నవ్వులో మరేమీ లేదు.

అవినాష్ వంటింట్లోకి వచ్చి తలుపు దగ్గరికేశాడు. "ఎవరు తీసినారు?"

"టైమర్ పెట్టుకున్నా. నేనే."

"నమ్ముతారా?"

"నువ్వు నమ్ముతావా?"

అతను పెనం వైపు చూశాడు. చెడ్డవాడు కాదు. కర్నూలులో తన అంగడికి వచ్చిన ప్రతివాడికీ "నా పెండ్లాం జర్మనీలో చదువుతాండాది" అని చెప్పుకుంటాడు. "అదంతా ఎందుకు? మీ కడప పిల్ల ఫిరోజా ఉండాది కదా, ఆడ నీతో చదివేది. ఆమె తీసిందని చెప్పు. పెద్దనాయన సరే అంటాడు, పదకొండుకు పోతువు."

ఎంత సులువు! ఒక్క పేరు చెప్తే విమానం ఎక్కవచ్చు. తనూజ నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఈ పూట ఫిరోజా తీసిందని చెప్తే, రేపట్నించీ ప్రతి ఊళ్ళో ప్రతి నవ్వుకీ పక్కనెవరున్నారో చూపించాలి. తనకి తానే నవ్వుకోవడం ఈ ఇంట్లో తప్పన్నమాట, ఆ తప్పుని తనే ఒప్పుకున్నట్టన్నమాట. ఒళ్ళు మండింది. భయం పోలేదు, దాని పక్కనే కోపం వచ్చి కూర్చుంది.

పిండి చేతులతోనే హాల్లోకి నడిచింది. సాహితి చేతిలోంచి ఫోను తీసుకుని, టీపాయి మీది నీళ్ళ చెంబుకు ఆనించింది. కెమెరా తెరవగానే టీవీ నిండా వాళ్ళ హాలే కనబడింది. "ఏం చేస్తాండావు?" అన్నాడు పుల్లయ్య. తెర మీద పది పడింది. తొమ్మిది. ఎనిమిది. తనూజ వెనక్కి నడిచి అందరి మధ్యా నిలబడింది. అంకె ఒకటిదాకా వచ్చి, టిక్కుమంది.

ఫోటో వచ్చింది. కింద మోకాళ్ళ మీద కూచుని తీసినట్టే ఉంది. పుల్లయ్య కనుబొమలు ముడిపడి ఉన్నాయి. నాగలక్ష్మమ్మ కొంగు సర్దుకుంటోంది. వంటింటి గుమ్మంలో అవినాష్ నేల చూస్తున్నాడు. నడుమ తనూజ, ముఖంలో నవ్వన్నది లేదు.

"మోకాళ్ళ మీద కూచున్నది నీళ్ళ బాటిలు మామా. ఇట్లనే తీసుకున్నా."

పుల్లయ్య టీవీని, చెంబును మార్చి మార్చి చూశాడు. నాగలక్ష్మమ్మ మాత్రం వదల్లేదు. "మరి ఆడ అంత నవ్వేమి?"

తనూజ టీవీ వైపు చూపించింది. "దీంట్లో మీరందరూ ఉండారు అత్తా. దాంట్లో ఎవరూ లేరు."

వంటింట్లోంచి మాడు వాసన వచ్చింది. అలవాటుగా అందరి తలలూ తనూజ వైపు తిరిగాయి.

"ఓళిగ మాడుతాండాది" అంది నాగలక్ష్మమ్మ.

"ఎవరన్నా పోయి తిప్పండి" అంది తనూజ, పిండి చెయ్యి అత్తగారి ముందు చాచి. "నాకు బీరువా తాళం కావాల."