చక్రవర్తి గారి క్యాబేజీ

సముద్రం ఒడ్డున స్ప్లిట్ ఊళ్లో మా పేటంతా ఎప్పటిదో రోమ్ చక్రవర్తి గారి పాత కోటలోనే ఉంది. ఆయన పడకగది గోడకి ఒకరు బట్టలారేసుకుంటారు, ఆయన మెట్ల కింద ఇంకొకరు సైకిళ్లు బాగుచేస్తారు. దోబ్రిలా గారి పూటకూళ్ల ఇల్లు తూర్పు గోడని ఆనుకుని ఉంది. తెల్లారగానే ఆవిడ కిటికీ తెరవడం, కోడలు వింకాని ఉల్లిపాయలు తరగమనడం, గరిటె మాత్రం తనే పట్టుకోవడం ఏళ్లుగా సాగుతున్నదే. కొడుకుది ఓడ మీద ఉద్యోగం. ఇంట్లో ఉండేది అత్తాకోడళ్లే.

ఆ యేడు చలి మొదలయ్యే ముందు చక్రవర్తి గారి క్యాబేజీ వీళ్ల కిటికీ పక్క రాళ్ల సందులో మొలిచింది. ఏటా ఎవరో ఒకరి గోడలో మొలుస్తుంది. ఆ ఇంటివాళ్లే దాన్ని ఉప్పునీళ్ల పీపాలో ఊరబెట్టి, కొత్త సంవత్సరం పండక్కి ఆ ఆకుల్లో మాంసం, బియ్యం చుట్టి సర్మా వండాలి. తిన్నవాళ్లు మర్నాటికల్లా పెత్తనం వదిలేస్తారు. అందుకే మా ఊరి పెత్తందార్లెవరూ పండగనాడు సర్మా ముట్టరు. కడుపు నొప్పంటారు.

ఆ చక్రవర్తి డయొక్లెషియన్ మా పక్కనున్న సలోనా వైపు మనిషే. సామాన్యుల ఇంట్లో పుట్టి, సైన్యంలో పైకొచ్చి, రోమ్ సామ్రాజ్యాన్నంతా ఏలాడు. ఎందరినో ఏడిపించాడు కూడా. ఆయన కాలంలో తల పోగొట్టుకున్న బిషప్పు పేరనే ఇప్పుడు చక్రవర్తి గారి సమాధి మందిరంలో చర్చి ఉంది. అంతటివాడూ బతికుండగానే కిరీటం తనంతట తాను దించి, ఇక్కడికొచ్చి క్యాబేజీ పెంచుకున్నాడు. మళ్లీ రమ్మని బతిమాలితే, నా తోట చూస్తే ఆ మాట అడగరు అన్నాడట. ఏలినందుకు కాదు, దిగినందుకే మాకు ఆయనంటే గర్వం.

ఇంతకీ దోబ్రిలా నాలుకకి ఉప్పు తెలియడం మానేసింది. వేసిందే మళ్లీ వేస్తోంది. తినేవాళ్లు మొహమాటానికి గ్లాసుల కొద్దీ నీళ్లు తాగేవారు, తర్వాత సగం మంది రావడమే మానేశారు. రేవు దగ్గరి హోటలువాళ్లు వింకాకి వంటపని ఇస్తామన్నారు. పండగలోపు జవాబు చెప్పాలి. వెళ్తే ఈ పొయ్యి ఆరిపోతుంది, ఉంటే ఉల్లిపాయలు తరుగుతూనే ముసలిదైపోతుంది.

చేపలమ్మే షిమె ఒక ఉపాయం చెప్పాడు. ఆ ఆకు సన్నగా తరిగి చారులో కలిపెయ్యమన్నాడు. ఉప్పే తెలియని మనిషికి క్యాబేజీ ఏం తెలుస్తుందని అతని లెక్క. వింకాకి అది నచ్చలేదు.

పండగ మధ్యాహ్నం సర్మా వండి, గిన్నెతో సహా అత్తగారి ముందు పెట్టింది.

"ఇది ఆ గోడ క్యాబేజీయే అత్తయ్యా. మీకు చెప్పకుండా పెట్టడం నాకు చేతకాదు. మీరు తినకపోతే రేపట్నుంచి రేవుకి పోతాను. తింటే ఈ పొయ్యి నేను చూసుకుంటాను."

"నన్ను దింపి నువ్వెక్కుదామనా?"

"మీ వంట నిలబెడదామని. ఉప్పు రెండేసిసార్లు వేస్తున్నారు. మీ మొహమ్మీద చెప్పే ధైర్యం ఎవరికీ లేదు."

దోబ్రిలాకి ఏడుపొచ్చింది. తర్వాత గరిటె బల్లమీద పెట్టి, ఒక సర్మా తిని, ఇంకోటి వడ్డించమంది.

"ఉప్పు సరిపోయిందటే?" అని కోడల్నే అడిగింది.

మర్నాడు ఆవిడ వాకిట్లో తొట్లు పేర్చుకుని క్యాబేజీ నారు నాటుతూ కనిపించింది. పాతవాళ్లు వంటింట్లోకి మళ్లీ రమ్మని బతిమాలితే, ముందు నా మొక్కలు చూసి మాట్లాడండి అంది. లోపల వింకా చేతివంటకి జనం విరగబడ్డారు. బల్లలు చాలక వీధిలో కూడా వేశారు.

మళ్లీ చలికాలం ముందు ఆ మొక్క అదే కిటికీ పక్కన మొలిచింది. వరసగా రెండేళ్లు ఒకే ఇంటికి రావడం మేమెప్పుడూ ఎరగం. పండగనాడు దోబ్రిలా తనే సర్మా వండి తెచ్చి కోడలి ముందు పెట్టింది.

వింకా వాసన చూసింది. చేతిలో గరిటె ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"కడుపులో నొప్పిగా ఉందత్తయ్యా," అంది.