వేల్కా నీళ్లు పోసే చోటు

"మీరు దేన్నీ నమ్మరు కదా మాస్టారూ! అలాంటప్పుడు ఆ మెకానిక్ మాట మాత్రం ఎందుకు నమ్మాలి? ఒకసారి వచ్చి మీ చెవితో మీరు వినండి," అంది వేల్కా మా గుమ్మంలో నిలబడి.

వేల్కా నా పాత స్నేహితుడు దోబ్రిన్ భార్య. మా ట్రోయాన్ ఊళ్లో సగం మందికి పళ్లు పీకినవాడు దోబ్రిన్. ఆ సగం మందికే హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పినవాణ్ణి నేను. ఇద్దరం ఉద్యోగాలు ముగించి ఇళ్లలో కూర్చున్నాం. వేల్కాకూ నాకూ మాత్రం ఏళ్ల తరబడి ఒక తగవు నడుస్తోంది. దిష్టి, శకునం, తాయెత్తు అన్నీ ఆమె పక్షం. నేను ఎదుటి పక్షం. ఆమె ఆ తగవును పక్కన పెట్టి నా గుమ్మం ఎక్కిందంటే సంగతి చిన్నది కాదని అర్థమైంది.

దోబ్రిన్‌కు ఒక పాత జర్మన్ మోటార్‌సైకిల్ ఉంది. దూరప్రయాణాల కోసమే చేసిన బరువైన బండి అది. సిలిండర్లు రెండూ చెరో పక్కకు చేతులు చాచినట్టు ఉంటాయి. ప్రతి వేసవిలోనూ అతను దాని మీద కనుమ దాటి ఒకసారి ఏజియన్ సముద్రం దాకా, ఒకసారి కార్పేతియన్ కొండల దాకా వెళ్లివచ్చేవాడు. ఈ వసంతంలో ఆ బండిలో ఎక్కడో కీచుమనే చప్పుడు మొదలైంది. ప్లోవ్‌దివ్‌లో ఒక మెకానిక్ నిలబడిన చోటే విని, గేర్‌బాక్స్ పోయిందని తేల్చేశాడు. అలాంటిది మరొకటి దొరకదన్నాడు. విడిభాగాల కోసం బండిని కొనే మనిషిని కూడా తనే చూసిపెట్టాడు. ఆ మనిషి శనివారం సోఫియా నుంచి వ్యాను తెస్తున్నాడు.

"అమ్మేస్తే నీకు భయం తప్పుతుంది కదమ్మా," అన్నాను.

"భయం తప్పుతుంది, నిజమే. మనిషి మిగలడు మాస్టారూ. సూప్ ముందు పెడితే చల్లారేదాకా గరిట తిప్పినట్టు చెంచా తిప్పుతూ కూర్చుంటాడు. 'గేరు పెట్టె పోయింది వేల్కా, దానిదీ నాదీ' అంటాడు. బండి ఎక్కినప్పుడు తిరిగొస్తాడో రాడోనని వణికేదాన్ని. ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడు, అయినా తిరిగి రావడం లేదు."

వెంటనే కోటు తొడుక్కున్నాను.

దోబ్రిన్ తన షెడ్డులో బండి పక్కనే ముక్కాలి పీట మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవలేదు.

"పరామర్శకు వచ్చావా? పూలేవి?"

"శవపరీక్ష కాకముందే పూలు తేవడం నాకు అలవాటు లేదు. స్టార్ట్ చెయ్యి."

"ఎందుకురా? విన్నవాడు విన్నాడు, చెప్పినవాడు చెప్పాడు."

"అతను ఏం విన్నాడో నాకు చెప్పు. ఏం చెప్పాడో కాదు."

దోబ్రిన్ విసుక్కుంటూనే ఇంజిన్ స్టార్ట్ చేశాడు. అది వేడెక్కేదాకా ఆగాం. గేరు న్యూట్రల్‌లో ఉంది. పాత ఇంజిన్‌కు సహజమైన గలగల తప్ప వేరే చప్పుడేమీ వినిపించలేదు. అప్పుడతను ఎడమ చేత్తో క్లచ్ లివర్ నొక్కాడు. తడి గాజు మీద వేలు రుద్దినట్టు సన్నని కీచు బయలుదేరింది. లివర్ వదిలాడు. చప్పుడు ఆగింది.

"విన్నావుగా! సిగ్నల్ దగ్గర ఆగిన ప్రతిసారీ ఇదే ఏడుపు."

"మళ్లీ నొక్కు."

చీపురు కర్ర ఒక కొసను గేర్‌బాక్స్ మీద ఆనించి, రెండో కొసను చెవికి పెట్టుకున్నాను. వయసు నా చెవుల పదును తగ్గించింది గానీ, కర్ర గుండా శబ్దం రావడానికి నా వయసుతో పని లేదు. ముందు వైపు ఆనిస్తే చప్పుడు మందంగా వచ్చింది. వెనక గోడ దగ్గర, క్లచ్ తీగ వచ్చి చిన్న మీటకు తగులుకునే చోట, చెవిలో సూది గుచ్చినట్టయింది.

"దోబ్రిన్, నువ్వు లివర్ నొక్కితే ఏమవుతుంది?"

"నాకు పరీక్ష పెడుతున్నావా? ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ సంబంధం తెగుతుంది."

"తెగితే, న్యూట్రల్‌లో ఉన్న ఆ గేర్‌బాక్స్‌లో చక్రాలు తిరుగుతాయా?"

దోబ్రిన్ లివర్ వైపు చూశాడు. "కాసేపు తిరిగి ఆగిపోతాయి."

"ఆగిపోయిన చక్రాలు కీచుమంటాయా? గేర్‌బాక్స్‌లో బేరింగ్ పోయి ఉంటే, నువ్వు లివర్ వదిలినప్పుడు అరవాలి, నొక్కినప్పుడు ఊరుకోవాలి. ఇక్కడ అంతా తలకిందులుగా ఉంది. నువ్వు నొక్కినప్పుడే పనిలోకి దిగే వస్తువు ఏదో అరుస్తోంది."

అతను ఇంజిన్ ఆపాడు.

"క్లచ్‌ను నెట్టే బేరింగ్," అన్నాడు మెల్లగా. "వెనక మీట కింద ఉంటుంది. చిన్నది. పెట్టె విప్పకుండానే బయటికి తీయొచ్చు." ఆ తర్వాత గొంతు పెంచాడు. "ఆ ప్లోవ్‌దివ్ పెద్దమనిషి! నొప్పి ఒక పంట్లో ఉంటే పక్క పన్ను పీకే డాక్టర్లను చూశాను నేను!"

"నేనూ చూశాను. అలా పోయిన పళ్లలో ఒకటి నాది."

"అది పుచ్చిపోయింది, కృతఘ్నుడా!"

చాలా రోజుల తర్వాత అతను నవ్వడం అదే మొదటిసారి. వెంటనే పాత క్లినిక్ పనిముట్ల పెట్టె తెచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. మీటను పట్టి ఉంచే పిన్ను తీశాడు. మీట మొదట్లో, నీరూ దుమ్మూ లోపలికి పోకుండా ఉండేందుకు మడతలు మడతలుగా ఉండే రబ్బరు తొడుగు ఉంది. దాని పైభాగం చిరిగిపోయింది. ఏళ్లు గడిస్తే ఏ రబ్బరైనా చేసే పనే అది. లోపలి నుంచి తీసిన బేరింగ్ తుప్పుతో ఎర్రబడిపోయింది.

"ఇంత తుప్పా?" అన్నాడు దోబ్రిన్. "నేను వానలో బండి తియ్యను. శీతాకాలమంతా దుప్పటి కప్పి ఉంచుతాను. నీళ్లెక్కడివి?"

పళ్లు చూసే చిన్న అద్దాన్ని తొడుగు మడతల్లోకి పోనిచ్చి వెతికాడు. ఆపైన పట్టకారుతో ఏదో పట్టి మెల్లగా బయటికి లాగి తెల్లటి దూది మీద పెట్టాడు. ముడుచుకుపోయిన ఎండుటాకు. నలిపి చూస్తే ఇంకా కాస్త వాసన ఉంది. ఇక్కడి ప్రతి పెరట్లోనూ పెరిగే వాసన ఆకు అది, జ్‌ద్రావెత్స్. ఆరోగ్యానికనీ, క్షేమానికనీ పెళ్లిపూలలో, పొలిమేర దాటేవాడి జేబులో, దారికి పోసే రాగిచెంబు నీళ్లలో దాన్ని వేస్తారు.

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

మా వైపు ఎవరైనా దూరం బయలుదేరితే గేటు ముందు నీళ్లు పోస్తారు, దారి నీటిలా సాఫీగా సాగాలని. పోసిన తర్వాత వెళ్లేవాడు వెనక్కి తిరిగి చూడకూడదు. దోబ్రిన్ ఏనాడూ చూడలేదు. వేల్కా నీళ్లు ఎక్కడ పోస్తోందో అతనికి తెలియనే తెలియదు.

"బూట్లు తడిసేవిరా," అన్నాడు. "గేటు దగ్గర చింది ఉంటుందనుకున్నాను." తర్వాత ఆకు వైపు చూపిస్తూ గొంతు తగ్గించాడు. "దీన్ని జేబులో వేసుకో. నీ దగ్గర రుజువు ఉందని నాకు తెలుసు. గెలిచావు. కానీ వేల్కాకు చెప్పకు."

నేను ఆ ఆకును జేబులో వేసుకోలేదు. గెలవాలనే కోరిక నాకు లేదని చెప్పను. అన్నేళ్ల తగవులో ఇంత చక్కటి సాక్ష్యం ఎప్పుడూ దొరకలేదు. కానీ అద్దానికీ పట్టకారుకూ దొరికిన నిజాన్ని దాచడం నాకు చేతకాదు. దాన్ని ఒక భయస్థురాలి మొహాన విసరడమూ చేతకాదు. ఏం చెయ్యాలో తేలకముందే వేల్కా కాఫీ పళ్లెంతో లోపలికి వచ్చింది.

దూది మీది ఆకును ఆమె వెంటనే పోల్చుకుంది. పళ్లెం బల్ల మీద పెట్టింది. కప్పులు గలగలలాడాయి.

"ఇది నా చెంబులోది," అంది. "ఇక్కడికెలా వచ్చింది?"

ఆమె నా వైపు తిరిగింది.

"మాస్టారూ, మిమ్మల్నే. మీరు అబద్ధం చెప్పరు."

"నువ్వు నీళ్లు ఎక్కడ పోస్తావమ్మా?" అని అడిగాను.

"మొదట్లో గేటు ముందే పోసేదాన్ని. ఆ ఏడాది ఈయన మడమ విరగ్గొట్టుకుని వచ్చాడే, అప్పుడు నాకు తట్టింది. నడిచి వెళ్లేవాడి కాళ్లు ఆ నీళ్లలో తడుస్తాయి. ఈయన కాళ్లు నేల మీద ఆనవు కదా! చక్రాలు తడిస్తే చక్రాలకు మంచిది, ఈయనకేం? అందుకని అప్పటి నుంచి ఈయన కదిలే క్షణంలో, వెనక నుంచి, ఈయన కాళ్లు పెట్టుకునే చోటే పోస్తున్నాను. చెంబు మొత్తం." ఆమె ఆకును వేలితో తాకింది. "అంటే, నేనే పాడుచేశానా?"

ఇంతకాలం ఆమె నమ్మకాలలో తర్కం లేదని వాదించాను. ఇందులో ఉంది. పునాది సంగతి ఎలా ఉన్నా, దాని మీది గోడ నిటారుగానే కట్టింది.

"ఇతని కాళ్ల పక్కనే ఉన్న ఆ రబ్బరు చిరగకపోతే నీ నీళ్లు లోపలికి వెళ్లేవి కావు," అన్నాను. "రబ్బరు ముసలిదై చిరిగింది. చిరిగిన చోటు నీకూ తెలియదు, ఇతనికీ తెలియదు. నీళ్లు వెళ్లాయి, బేరింగ్ తుప్పు పట్టింది. జరిగింది ఇంతే. అయితే గేర్‌బాక్స్‌కు ఏమీ కాలేదు. కొత్త బేరింగ్, కొత్త తొడుగు వేస్తే బండి మళ్లీ తిరుగుతుంది."

"తిరుగుతుందా?" ఆమె ఆ ప్రశ్న నన్ను అడగలేదు. దోబ్రిన్‌ని అడిగింది.

అతను చేతులు తుడుచుకుని లేచాడు. "సోఫియా వాడికి ఫోన్ చేసి వ్యాను తేవద్దని చెప్పు వేల్కా. నేను చెబితే బేరం మొదలెడతాడు. నువ్వు చెబితే భయపడతాడు."

"ఓహో, ఇప్పుడు గుర్తొచ్చానా!" అంటూనే ఏప్రన్ అంచుతో కళ్లు తుడుచుకుని, ఫోన్ కోసం ఇంట్లోకి నడిచింది.

కొత్త బేరింగ్ మా ఊళ్లోనే దొరికింది. తొడుగు మాత్రం తెప్పించుకోవలసి వచ్చింది. చెర్రీలు పండే వేళకు బండి గేటు ముందు నిలబడింది. దోబ్రిన్ ఈసారి కనుమ దాటి సముద్రం దాకా వెళ్తున్నాడు. వేల్కా రాగిచెంబుతో బయటికి వచ్చి, అతన్ని దిగమంది.

"ఇంజిన్ ఆపు. నీళ్లు గేటు ముందే పోస్తాను. బండిని నడిపించుకుంటూ, నీ సొంత కాళ్లతో వాటిలోంచి వెళ్లు. దానికి తుప్పు పట్టదు, నీ కాళ్లూ తడుస్తాయి. ఏం మాస్టారూ, ఇందులో మీకేమైనా తప్పు కనిపిస్తోందా?"

"యంత్రానికి సంబంధించినంతవరకు ఏమీ లేదు," అన్నాను.

బండి బరువు, పైగా గేటు దగ్గర చిన్న ఎత్తు. సామాను కట్టి ఉండడంతో దోబ్రిన్ ఒక్కడి వల్ల కాలేదు. నేను వెనక నుంచి నెట్టాను. ఇద్దరం ఆయాసపడుతూ ఆ తడిలోంచి నడిచాం. నా బూట్లలోకి చల్లటి నీళ్లు దిగాయి.

"వెనక్కి చూడకండి! ఇద్దరికీ చెబుతున్నా!" అని అరిచింది వేల్కా.

నేను చూడలేదు. నెట్టేవాడి చూపు ముందే ఉండాలి, లేకపోతే బండి ఒరుగుతుంది. దోబ్రిన్ రోడ్డు మీద ఎక్కి కూర్చుని, ఇంజిన్ స్టార్ట్ చేసి, క్లచ్ లివర్ నొక్కి పట్టుకున్నాడు. ముగ్గురం చెవులు రిక్కించి విన్నాం.

ఇంజిన్ గలగల తప్ప మరే చప్పుడూ లేదు. అతను గేరు వేసి, లివర్ మెల్లగా వదిలాడు.