ఆలస్యంగా కదిలిన కాలు

పొద్దున్నే చన్నీళ్ల స్నానం, గొంతు దిగనంత చేదు కాఫీ, నోట్లో నాలుగు లవంగాలు. ఇవి మూడూ పడితే ముందురోజు తాగిందంతా దిగిపోయినట్టేనని లోకంలో చాలామందికి నమ్మకం. ఇరవై రెండేళ్లుగా బస్సు నడుపుతున్న నిదానానికీ అదే నమ్మకం. అతని బండికి ఇంతవరకు గీత కూడా పడలేదు. అందుకే డిపోలో అతనికి నిదానం అన్న పేరు స్థిరపడిపోయింది. నిన్న సాయంత్రం తోటి డ్రైవరు రిటైరైతే అందరూ కూర్చున్నారు. గ్లాసు మీద గ్లాసు పడింది. అయినా ఇంటికి నడిచే వెళ్లాడు, ఒళ్లెరగకుండా నిద్రపోయాడు. ఇందులో తప్పేముంది?

డిపో గేటు దగ్గర ఊదే మిషన్ పట్టుకుని నిలబడ్డది అతని సొంత బావమరిదే.

"ఊదు బావా."

ఊదాడు. మిషన్ కుయ్యిమంది. ఎర్ర దీపం వెలిగింది.

"నీ మిషన్‌కి జలుబు చేసినట్టుందిరా."

"ఇప్పటిదాకా పదకొండు మంది ఊదారు, బాగానే ఉంది. నువ్వొచ్చేసరికే పట్టిందా పడిశం?"

నిదానం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "ఎవరూ చూడట్లేదు. నా బదులు నువ్వొక్కసారి ఊదెయ్. మీ అక్క మొహం చూసైనా."

"అక్క మొహమే చూస్తున్నా బావా. అదిగో, నీ బస్సులో మూడో సీటు."

నిజమే. ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే పనికి వెళ్లే నిదానం భార్య రోజూ ఎక్కేది ఆ బస్సే.

"గేటు లోపల దొరికావు కాబట్టి మూడు నెలలు డ్యూటీ ఉండదు, అంతే," అన్నాడు బావమరిది. "గేటు దాటాక దొరికితే కోర్టు, జరిమానా, ఒక్కోసారి జైలు, లైసెన్సు పోవడం. మళ్లీ దొరికితే ఇంకా ఎక్కువ జైలు. ఎవర్నైనా గుద్దాక దొరుకుతావు చూడూ, దానికి ఏ శిక్ష వేసినా పోయినవాళ్లు తిరిగి రారు. ఇదిగో పుస్తకం, తాగి దొరికానని సంతకం పెట్టు."

"చచ్చినా పెట్టను. నీ పెళ్లిలో నలుగురిలో ఎగతాళి చేశానని కక్ష కట్టావు. పై ఆఫీసుకెళ్లి అదే రాసిస్తా."

"రాయి బావా. ఎగతాళి చేసిన మాట నిజమే, కింద నేనే సాక్షి సంతకం పెడతా."

బస్సును ఇంకో డ్రైవరు తీశాడు. పై ఆఫీసు ఆ దారిలోనే. తన బస్సులోనే తను ప్రయాణికుడై, నిదానం భార్య పక్కన కూలబడ్డాడు.

"నీ తమ్ముడు నా పొట్ట కొట్టాడే."

"ఆ పొట్టలో పోసింది మా తమ్ముడా?" అని ఆమె కిటికీ వైపు జరిగింది.

బజారు మలుపు వచ్చింది. గోనె సంచులు కట్టుకున్న సైకిల్ తోసుకుంటూ ఒక ముసలాయన సందులోంచి ఉన్నట్టుండి రోడ్డు మీదికొచ్చాడు. డ్రైవరు బ్రేకు తొక్కాడు. జనం ముందుకు తూలి వెనక్కి పడ్డారు. సైకిల్‌కి జానెడు దూరంలో బస్సు ఆగింది.

అప్పుడు, అంతా అయిపోయాక, నిదానం కుడికాలు దబ్బుమని నేలను తన్నింది.

అలవాటు పడ్డ కాలు అది. ఇన్నేళ్లూ కన్ను చూసీ చూడకముందే కదిలిన కాలు. భార్య ఆ కాలి వంక చూసింది.

"బస్సు ఆగిపోయిందిగా. ఇప్పుడెందుకు తొక్కారు?"

ముసలాయన డ్రైవర్ని నాలుగు తిట్లు తిట్టి, జారిన సంచి ఎగదోసుకుని వెళ్లిపోయాడు. ఆ తిట్లు నిదానం చెవులకు దీవెనల్లా వినిపించాయి. తిట్టడానికి మనిషి మిగిలాడు కదా!

పై ఆఫీసు స్టాపు వచ్చింది. "దిగరా? ఏదో రాస్తానన్నారు," అంది భార్య. అతను లేవలేదు.

అదే బస్సులో డిపోకి తిరిగొచ్చాడు. రెండో షిఫ్టు డ్రైవర్లు ఊదడానికి వరసలో నిలబడి ఉన్నారు. బావమరిది అతన్ని చూసి గొడవకి సిద్ధపడ్డాడు.

"ఏదిరా ఆ పుస్తకం? ఇటివ్వు."

సంతకం పెట్టి పుస్తకం తిరిగిచ్చేశాడు. నిదానం వరస వైపు తిరిగాడు.

"మత్తు దిగిందని మన నోరు చెబుతుంది, నమ్మకండి. నా కాలు ఈ రోజు నాతో వేరే మాట చెప్పింది. చట్టం మన పొట్ట కొట్టడానికి పుట్టింది కాదర్రా. మన కాలు ఆలస్యమయ్యే రోజున, మనకంటే ముందు బ్రేకు తొక్కేదే చట్టం."