కుర్చీ పగ

మెనింజైటిస్ వచ్చి, మెదడు పొరలు వాచి, చావు అంచుదాకా వెళ్ళి బతికి బట్టకట్టినవాళ్ళు ఎవరైనా ముందు దేవుణ్ణి తలుచుకుంటారు. కత్తెరక్క మాత్రం ఆస్పత్రిలో కళ్ళు తెరవగానే సూపర్‌వైజరుని తలుచుకుంది.

తలుచుకోదూ మరి! ఆమె పనిచేసే బట్టల కటింగ్ హాల్లో అందరూ నిలబడే కోయాలి. ఉన్న ఒక్క కుర్చీ సూపర్‌వైజరుది. ఆ రోజు మెడ కొయ్యబారిపోయి, లైటు చూస్తే కళ్ళు మండిపోతుంటే, "కాసేపు కూర్చోనివ్వండి సార్" అని బతిమాలింది. ఆ మహానుభావుడు కాలు మీద కాలు తియ్యకుండానే, "నాటకాలు కట్టిపెట్టు" అన్నాడు. ఆమె అక్కడే కుప్పకూలింది.

చెల్లెలి ఇంటికి చేరాక ఆమెకు ఒకటే కోరిక. మళ్ళీ ఆ కటింగ్ హాలు మెట్లెక్కాలి, అందరి ముందూ వాడి చెంప పగలగొట్టాలి.

ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి, కుర్చీలోంచి మెల్లగా లేచి మళ్ళీ కూర్చోమంది. తోడు పెట్టుకుని వరండాలో నడవమంది. అలసట రాకముందే ఆగమంది.

"ఇదీ ఒక వ్యాయామమేనా?" అనుకుంది కత్తెరక్క. చెల్లెలు బజారుకి వెళ్ళడం చూసి మేడ మెట్లు గబగబా ఎక్కేసింది. సగంలోనే కళ్ళు బైర్లు కమ్మి, తల పగిలిపోయేంత నొప్పి పుట్టింది. ఆ తలనొప్పి చూసి, తిరిగొచ్చిన చెల్లెలు హడలిపోయి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. జబ్బు తిరగబెట్టలేదు గానీ, మళ్ళీ మంచమెక్కక తప్పలేదు.

"ఎందుకక్కా ఈ తొందర?" అని అడిగింది ఫిజియో అమ్మాయి. కత్తెరక్క కడుపులో ఉన్నదంతా కక్కేసింది.

"వెళ్ళి కొడతావు సరే. కొట్టి వాడి కాళ్ళ దగ్గరే పడిపోతే?"

ఆ మాట సూటిగా తగిలింది. అప్పటినుంచి చెప్పింది చెప్పినట్టు చేసింది. లేస్తూ "ఒరేయ్" అనేది, కూర్చుంటూ "ఉండరా నీ పని చెప్తా" అనేది.

"వ్యాయామమా అక్కా, శాపనార్థాలా?" అని నవ్వేది చెల్లెలు.

"ఊపిరి బిగబట్టొద్దందిగా ఆ పిల్ల!"

వారాలు గడిచాయి. సగం పూట పనికి వెళ్ళొచ్చు, కానీ మధ్యమధ్య కూర్చోవాలని డాక్టరు చెప్పాడు. ఆమె లేక కోత అంతా తగలడిపోతుండటంతో యజమాని ఒక్క మాటలో ఒప్పుకుని, ఆమెకి కుర్చీ ఇమ్మని సూపర్‌వైజరుకి ఫోన్ చేసి చెప్పాడు.

కత్తెరక్క మెట్ల మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుని, తీరిగ్గా పైకెక్కింది. హాల్లో కత్తెరలన్నీ ఆగిపోయాయి. సూపర్‌వైజరు ముఖం మాడ్చుకుని కుర్చీలోంచి లేచాడు. ఆ చెంప చేతికి అందేంత దగ్గరలో ఉంది. ఆమె చెయ్యి దురద పెట్టింది కూడా.

కానీ కొడితే ఒక్క క్షణంలో అయిపోతుంది. ఆమె వెళ్ళి అతని కుర్చీలో కూర్చుంది. మెల్లగా లేచి, మళ్ళీ కూర్చుంది.

"ఏంటిది?" అన్నాడు.

"నా వ్యాయామం సార్. రోజూ చెయ్యాలి."

కాసేపు బట్ట కోసింది, వచ్చి కూర్చుంది, మళ్ళీ వెళ్ళి కోసింది. ఆమె లేచినప్పుడల్లా అతను కుర్చీ వైపు ఆశగా చూడటం, హాలంతా తన వైపే చూస్తుంటే ఆగిపోవడం. పూట ముగిసేసరికి ఆ మనిషి గోడకి చేరగిలబడి, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ మూలుగుతున్నాడు.

కత్తెరక్క కుర్చీలో వెనక్కి వాలి అతన్ని తృప్తిగా చూసింది.

"నాటకాలు కట్టిపెట్టండి సార్" అంది.